మాతెవాలాలో దిగిపోయిన నొయెమీ

డిసెంబరొస్తే సరిహద్దుకు ఇవతల మా మాతెవాలా హైవే మీద పైనుంచి, అమెరికా నుంచి, దిగే బళ్లే బళ్లు. డల్లాసులో, హ్యూస్టన్‌లో పనిచేసుకునే మా దేశంవాళ్లు పరుపులు, సైకిళ్లు ట్రక్కుల మీద కట్టుకుని సొంతూళ్లకు పోతూ ఒక్క పూట ఇక్కడ ఆగుతారు. నొయెమీ కూడా అలా ఆగి వెళ్లిపోవలసిన మనిషే. పద్దెనిమిదేళ్లయింది, ఇక్కడే ఉంది.

అప్పట్లో నేను హైవే పక్క లాడ్జిలో దుప్పట్లు ఉతికేదాన్ని. నొయెమీ వాళ్ల ట్రక్కు గేరుబాక్సు పోయి మూడు రోజులు ఆగవలసి వచ్చింది. భర్త తేలో డల్లాసులో ఇళ్లకు కప్పులు వేసేవాడు. కూతురు బ్రీసాకు ఏడేళ్లు.

నొయెమీ నాలుగేళ్లప్పుడు తల్లి వీపున సరిహద్దు నది దాటి డల్లాసు చేరింది. కాగితాలు లేవు. ఒకసారి ఇవతలికి వస్తే తిరిగి పోవడం ఎంత కష్టమో తెలుసు. అయినా అత్తగారు చావుబతుకుల్లో ఉందని, మళ్లీ దాటించే మనిషిని మాట్లాడానని భర్త చెబితే నమ్మి బయలుదేరింది.

రెండో రోజు మధ్యాహ్నం లాడ్జి ఫోనులో అత్తగారితో మాట్లాడింది. ఆ ముసలమ్మ గొంతు గది బయట ఉన్న నాకు కూడా వినిపించింది.

“అత్తయ్యా, ఒంట్లో ఎలా ఉంది?”

“నాకేం రోగం? మీకోసం పొద్దున్నే పందిని కోయించా. ఇల్లంతా సున్నం కొట్టించా. ఇక ఎప్పటికీ ఇక్కడే ఉంటారని వాడు చెప్పిన కాణ్ణించి నాకు కాలు నిలవట్లేదంటే నమ్ము!”

నొయెమీ ఫోను పెట్టేసి అక్కడే నేల మీద కూర్చుంది. అంతలో తేలో నూనె చేతులతో వచ్చాడు.

“మీ అమ్మ పందిని కోయించిందట,” అంది.

అతనికి అర్థమైంది. “చెబితే వచ్చేదానివా?”

“రాను.”

“అందుకే చెప్పలా. పదిహేనేళ్లు ఎండలో ఎవరెవరి కప్పులో ఎక్కా. ఊళ్లో నేను కట్టుకున్న ఇంట్లో ఒక్క రోజన్నా పడుకోలేదే!”

“మరి మా అమ్మో? దాన్ని మళ్లీ ఎట్లా చూసేది నేను?”

తేలో చేతులు గుడ్డకు తుడుచుకుని ట్రక్కు దగ్గరికి పోయాడు.

ట్రక్కు బాగైంది. నొయెమీ పిల్లను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది, ఎక్కలేదు. తేలో మెకానిక్ ఫిదెన్సియో వైపు దిక్కు తోచక చూశాడు. “బండి వరకే నా చేతిలో పని బాబూ, ఇది నావల్ల కాదు,” అన్నాడాయన. తేలో ఇంకో రెండు రోజులు చూసి, ఒక్కడే వెళ్లిపోయాడు.

మార్చిలో నొయెమీ పిల్లను నా దగ్గర వదిలి నది వైపు పోయింది. తొమ్మిదో రోజున అవతలి పోలీసులు పట్టుకుని తిరిగి పంపేశారు. ఆమె పిక్కల్లోంచి నాగజెముడు ముళ్లు తీస్తూ కూర్చున్నాను.

“మళ్లీ దొరికితే జైలేనంట, అక్కా.”

ఆ తర్వాత పైకి పోలేదు, కిందికి, భర్త ఊరికి, పోనంది. నాతో దుప్పట్లు ఉతికేది. మార్కెట్లో ఆమె మాట యాస విని “అమెరికా దొరసానీ, టమాటాలా?” అని ఏడిపించేవాళ్లు. మధ్యాహ్నాలు రోడ్డు అంచున నిలబడి ఉత్తరానికి పోయే బస్సులను చూసేది. గాలికి కళ్లలో దుమ్ము పడినా కదిలేది కాదు.

తేలో నెలకోసారి జున్ను తెచ్చి, మెట్ల మీద కూర్చుని, పిల్లతో మాట్లాడి పోయేవాడు.

బ్రీసాకు పదహారేళ్లప్పుడు డల్లాసులో అమ్మమ్మ పోయింది. అక్కడ పుట్టిన పిల్ల కాబట్టి సరిహద్దు దాటడానికి దానికి అడ్డు లేదు. బస్సు ఎక్కిస్తూ నొయెమీ, “పెట్టె మూసేముందు అమ్మ జుట్టు దువ్వారో లేదో చూడవే,” అంది. బ్రీసా అక్కడే చదువుకుంటూ ఉండిపోయింది.

పోయిన ఏడాది తేలో బతిమాలితే నొయెమీ అతని ఊరు వెళ్లింది. పదకొండో రోజుకు తిరిగొచ్చింది.

“ఏమ్మా, నచ్చలేదా?”

“ఇల్లు బాగుందక్కా. బాగా కట్టాడు. మంచిగానే చూసుకున్నాడు. నాకే ఊపిరాడలేదు.”

సంచి లోపల పెట్టి, నీళ్లు వచ్చాయా అని అడిగింది. వచ్చాయన్నాను. దుప్పట్లు నానబెట్టడానికి వెళ్లింది.