పావురాల మందు, నేను రాసిన లేబులు

షామీర్‌పేట దగ్గర ఒక రేకుల షెడ్డులో నడిచే మా కంపెనీ కోళ్ల దాణాలో కలిపే పొడులు తయారు చేస్తుంది. ఆ డబ్బాల మీద తెలుగులో ఏముండాలో రాయడం నా ఉద్యోగం. కోడి గురించి నాకు తెలిసింది కూర వరకే. అయినా పదేళ్లుగా కోళ్ల ఆకలి గురించీ, ఎముకల గురించీ, చివరికి వాటి మనశ్శాంతి గురించీ రాస్తూ వచ్చాను. ఇంతవరకు ఏ కోడీ అభ్యంతరం చెప్పలేదు.

రెండేళ్ల క్రితం మా మేనేజరు దృష్టి పందెం పావురాల మీద పడింది. బ్రాయిలర్ పిల్లలకు వేసే పొడినే చిన్న డబ్బాలో పోయించి, మీద ఎగిరే పావురం బొమ్మ వేయించాడు. నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు. టీ వచ్చేలోపు రాసేశాను. అలసట ఎరుగని రెక్కలు. రోగాలు దరిచేరని ఒళ్లు. రోజుకు ఒక చెంచా. ఆ రోజు టీ ఆలస్యమైంది, అందుకని ఇంకో ముక్క కూడా పడింది: ఎంత దూరం నుంచైనా ఇంటిదారి మరవని జ్ఞాపకశక్తి.

నేనుండేది గుండ్లపోచంపల్లిలో. మాది గోదావరి వైపు. ఊరి అంచున వేసిన కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్నాను. మా గోడకు అవతలి ఇల్లు పాత ఊరివాళ్లది. ఆ ఇంటి పెద్దాయనను అందరూ చాచా అంటారు, నేనూ అంతే. మేడ్చల్‌లో బోరు మోటార్లు బాగుచేసే ఆయన దుకాణాన్ని ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. చాచాకు మిగిలిన పని పావురాలు. డాబా మీద చెక్క గూడు, అందులో నలభై దాకా పక్షులు. వ్యానులో ఎక్కడికో తీసుకెళ్లి వదిలితే ఎగురుకుంటూ ఇంటికొచ్చేసే రకం.

ఒకరోజు ఆయన గోడ మీంచి మా డబ్బా నా చేతికిచ్చాడు. మా కంపెనీదని ఆయనకు తెలియదు.

"సారు, గీ సన్న అక్షరాలు నా కండ్లకు కానొస్తలెవ్వు. జర సదివి జెప్పుండ్రి."

నా రాత నేనే చదివాను. చాచా కళ్లు మూసుకుని విన్నాడు. జ్ఞాపకశక్తి దగ్గరికి వచ్చేసరికి "మల్లొక్కసారి" అన్నాడు. ఇన్నేళ్లలో నేను రాసింది రెండోసారి చదివించుకున్న మనిషి ఆయనొక్కడే. ఎందుకు దాచాలి, పొంగిపోయాను. రాసింది నేనేనని అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

"ఏ చెంచా సారు? చాయ్ చెంచానా, బగారన్నం వడ్డించేదా?"

అది నాకూ తెలియదు. "చాయ్ చెంచా," అన్నాను, పెద్ద డాక్టరులాగా.

చాచాకు ఆ మందు ఎందుకు కావలసి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆయన భార్య, మా చాచీ, గడువు పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ డాబా మీద ఆమె ఒక్క మిరపకాయ ఎండబెట్టుకోలేదు. ఉతికి ఆరేసిన బట్టలు రెట్టలు పడి మళ్లీ ఉతకాల్సి వచ్చేది. "గీ యేడు ఆదిలాబాద్ పందెంల ఒక్క కబూతరన్న మొదటి పదిట్ల రావాలె. రాకుంటె గూడు పీకుడే," అని చెప్పేసింది. చాచా కొడుకుల ముందు సరేనన్నాడు. ఆడిన మాట తప్పే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

నాకు గుబులు పట్టుకుంది. పొడి పనిచేయదని చెబితే నా ఉద్యోగం మీద నేనే ఉమ్మేసుకున్నట్టు. పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. మా మేనమామ పందెం పుంజుకు బాదంపప్పు పెట్టేవాడు, మాకు పెట్టేవాడు కాదు. అంత తిన్న పుంజు మొదటి దెబ్బకే బరి దాటి పారిపోయింది. ఆ బాదంపప్పు మీద కోపం నాకింకా చల్లారలేదు. అందుకని పరీక్ష పెట్టి తేల్చేద్దామన్నాను. పది కుర్ర పావురాలు. అయిదింటికి పొడి కలిపిన తిండి, అయిదింటికి ఉత్త జొన్నలు, మక్కలు, శనగలు.

"ఒక్క గూట్ల ఉంటె ఒకదాని గిన్నెల ఒకటి మూతి వెడ్తది సారు," అన్నాడు చాచా. అది నిజమే. దానికి నేనొక గొప్ప ఉపాయం చెప్పాను. పొడి తినేవాటిని రోజూ పొద్దున మా డాబా మీదికి తోలితే నేనే తినిపిస్తానన్నాను. పావురాలతో బతికిన మనిషి, ఆయనకైనా తట్టాలి. తట్టలేదు. ఇద్దరం పరీక్ష మోజులో పడ్డాం.

రెండు నెలలు తినిపించాను. కొన్నాళ్లకు నేను డబ్బా తట్టితే చాలు, అయిదూ వచ్చి పిట్టగోడ మీద వరసగా కూర్చునేవి. వాటి రెక్కలు నిగనిగలాడుతున్నాయని చాచా రోజూ అనేవాడు, నాకూ అలాగే అనిపించింది. మనం ఆడిన అబద్ధాన్ని పక్కింటాయన రోజూ మనకే వినిపిస్తుంటే కొన్నాళ్లకు అది సాక్ష్యంలా ఉంటుంది.

పందేనికి ముందురోజు పది పక్షులనూ వ్యానులో ఎక్కించారు. పందెం నడిపే క్లబ్బువాళ్లు ఒక్కోదాని కాలికి రబ్బరు రింగు వేసి, దానిలో అంకె కనబడకుండా కాగితం అంటిస్తారు. పక్షి తిరిగొచ్చాక పట్టుకుని, కాగితం పీకి, ఆ అంకెను ఫోనులో కొట్టాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. ఇంటిమీద వాలి గంటసేపు కూర్చున్నా లాభం లేదు.

తెల్లవారి ఆదిలాబాద్‌లో వదిలారని ఫోనొచ్చింది. పదిన్నరకల్లా చాచా తన డాబా మీద, నేను నా డాబా మీద. చాచీ బియ్యం చాటతో వచ్చి, మాకేమీ పట్టనట్టు కూర్చుంది. దుండిగల్ నుంచి లేచిన ట్రైనింగు విమానం ఒకటి కనబడితే ముగ్గురం లేచి నిలబడ్డాం. చాచీ అందరికంటే ముందు లేచింది.

పదకొండు కాకముందే హైవే వైపు నుంచి ఒక పక్షి వచ్చింది. పొడి తిన్నదే. అది గూడు మీద ఒక చుట్టు తిరిగి, తిన్నగా వచ్చి మా పిట్టగోడ మీద వాలింది.

చాచా జొన్నల డబ్బా ఊపుతూ "ఆవో, ఆవో" అని బతిమాలాడు. అది నా వైపు చూసింది. తోలితే బెదిరి గాల్లో తిరుగుతుంది, ఇంకా ఆలస్యం. నేను కనబడకపోతే వెళ్తుందేమోనని నీళ్ల ట్యాంకు వెనక నక్కాను. అది నడుచుకుంటూ ట్యాంకు వెనక్కి వచ్చి, నా కాళ్ల దగ్గర నిలబడి, తిండి ఏదని మెడ తిప్పి చూసింది. ఈలోగా రెండోది కూడా వచ్చి మా గోడమీదే వాలింది.

"పట్టుండ్రి సారు, పట్టుండ్రి," అని చాచా అరిచాడు. నేను జన్మలో పావురాన్ని పట్టింది లేదు. మీద పడబోయి మోచెయ్యి చీరుకున్నాను, అవి రెండూ కరెంటు తీగ ఎక్కాయి. ఆ గొడవలోనే ఉత్త జొన్నలు తిన్నదొకటి నిశ్శబ్దంగా వచ్చి, బుద్ధిగా గూట్లోకి దూరింది. దాని అంకె కొట్టేసరికి పదమూడో స్థానం. మా గోడ మీద వాలినది సవ్యంగా ఇల్లు చేరి ఉంటే అయిదులోపు ఉండేది.

చాచీ చాట తీసుకుని కిందికి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పాను. ఆ రాత నాదేననీ, అది కోడిపిల్లల పొడి అనీ, జ్ఞాపకశక్తి టీ కోసం ఎదురుచూస్తూ పుట్టిందనీ.

చాచా కోప్పడితే బాగుండేది. "గదొక్కటే నిజమైంది గద సారు," అన్నాడు. "ఏ ఇంట్ల తిన్నయో గా ఇల్లు మరవలేవు."

ఆ వారమే ఆయన తన చేతులతో గూడు విప్పేశాడు. పొడి తిన్న కుర్రవి అయిదూ నా దగ్గరే ఉండిపోయాయి. మిగతావాటిని నాగారంలో ఒకాయనకు ఇచ్చేశాడు. రోజూ పొద్దున మా డాబా మీదికి వచ్చి, ఆ అయిదింటిని చూస్తూ కూర్చునేవాడు. తన డాబా వైపు చూసేవాడు కాదు. చాచీ అక్కడ దుప్పటి పరిచి మిరపకాయలు పోసింది.

ఆదిలాబాద్ నుంచి వచ్చేవాటికి నాగారం ఏపాటి దూరం? అక్కడ గూడు తెరవగానే ఏడు వెనక్కి వచ్చేశాయి. గూడు లేని ఖాళీ స్లాబు మీద, మిరపకాయల పక్కన, వరసగా కూర్చున్నాయి. చాచీ రెండు రోజులు తోలింది. మూడోరోజు గోడ దగ్గరికి వచ్చింది.

"సారు, గా మందు ఇంక ఉన్నదా మీ తాన?"

చాచా నా పక్కనే ఉన్నాడు. ఈసారి అబద్ధం ఆడదలచుకోలేదు. "అది ఉత్త పొడి చాచీ. దానివల్ల ఏమీ కాదు."

"ఎర్కే. మీరు జెప్పింది మెట్ల మీదికెల్లి ఇన్న," అంది. "ఊకె జొన్నలు జల్లితె పెట్టినట్టె అనిపిస్తలేదు. ఆయన ఎన్ని కలిపి ఏసేటోడు గీటికి."

డబ్బా ఇచ్చాను. చాచా గోడ దాకా వెళ్లి ఆగాడు. చాచీ ఆయన వైపు చూడలేదు. వంగి, మిరపకాయల దుప్పటిని రెండు చేతులా పట్టుకుని, గూడు పట్టేంత మేర పక్కకు లాగింది.