కొరాపుట్‌లో సుక్రి చదివిన రోజు

పిలుపు లేని చోటికి మా ఇంట ఎవరూ వెళ్ళేవారు కాదు. ఒడిశాలోని కొరాపుట్‌కి సభ జరిపేవాళ్ళెవరూ నన్ను పిలవలేదు. ఆదివాసీ, దళిత స్త్రీలు తమ రాతలు తామే చదివే సభ అక్కడ జరుగుతోందని, తన బట్టల కొట్టులో పనిచేసే పిల్ల కూడా చదువుతుందని రాయగడ నుంచి మా పిన్ని కూతురు సత్యవతి ఫోన్ చేసింది. "మా లక్ష్మి స్టేజీ ఎక్కుతాదప్పా. నువ్వూ రా, సూద్దుగాని" అంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఆపుకోలేక బయలుదేరాను.

విజయనగరంలో మధ్యాహ్నం రైలెక్కితే చీకటి పడకముందే రాయగడ చేరవచ్చు. టికెట్టు అప్పటికప్పుడు దొరుకుతుంది. కిటికీ పక్క చోటు కావాలంటే మాత్రం ముందుగా రావాలి. నేను ముందే వచ్చాను. జరగమని ఒకరిని అడిగే అలవాటు నాకు లేదు.

పార్వతీపురం దాటాక కొండలు దగ్గరవుతాయి. ఆ ఊళ్ళో మా తాతగారికి బియ్యం మిల్లు ఉండేది. ఇప్పుడు దాని పొగగొట్టం కూడా లేదు. ఎదురుగా కూర్చున్నామె భర్త రాయగడ దగ్గరి తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. "ఏ ఇంటోలమ్మా మీరు?" అని అడిగింది. ఇంటిపేరు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఎప్పుడూ ఇన్లేదమ్మా" అని జంతికల పొట్లం నా ముందుకు చాచింది. ఒకటి తీసుకున్నాను.

సత్యవతిది కింద కొట్టు, పైన ఇల్లు. వెనక గదిలో పాతికేళ్ళ పిల్ల చీరలు మడతపెడుతోంది. "లక్ష్మీ, అప్పకి మంచినీళ్ళు తే" అంది సత్యవతి. ఆ కొట్టులో అత్తగారి కాలం నుంచి ఒక ఆనవాయితీ ఉందని రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. మడత పనికి కొండ ఊళ్ళ నుంచి ఏ పిల్ల వచ్చినా లక్ష్మి అనే పిలుస్తారు. ఒకామె మానేస్తే తరవాత వచ్చిన ఆమెకూ అదే పేరు. "కొట్లో లక్ష్మి తిరుగుతుంటే మంచిది గదప్పా" అంది. తాను మర్యాద చేస్తున్నాననే ఆమె నమ్మకం.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం కొరాపుట్ రైలెక్కాం. ఈ దారిలో వెళ్ళేవారు మెలకువగా ఉండాలి. సొరంగం, వంతెన, మళ్ళీ సొరంగం. ఎప్పుడు లోయ కనిపిస్తుందో ఎప్పుడు చీకటి పడుతుందో చెప్పలేం. సత్యవతి మాత్రం లక్ష్మీపూర్ స్టేషన్ రాకముందే నిద్రపోయింది. అప్పుడు ఆ పిల్ల నా వైపు వంగింది.

"పెద్దమ్మగారూ, నా పేరు సుక్రి. నారాయణపట్న పక్క ఊరు మాది. నాను సదవబోయీది కొట్టు గురించే. అమ్మగారు ముందే కూకుంతారు. రేపట్నుంచి నాకు పనుంటాదో ఉండదో."

"ఇల్లు ఎలా గడుస్తుంది?"

"నా జీతంతోటే. మా సెల్లి సదువు కూడా దాంతోటే."

"అయితే మరొకటి చదువు."

"మరోటి నాది కాదు గదండీ."

ఇంటిపేరు తప్ప ఏమీ మిగలని ఇంటి మనిషిని. పేరు పోతే ఏం పోతుందో నాకెవరూ వివరించనక్కర్లేదు. సత్యవతికి నేనేమీ చెప్పలేదు.

కొరాపుట్ స్టేషన్ బయట ఆటో దొరికింది. సభ జరిగే హాల్లో స్టేజీ లేదు. జంబుఖానాల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. నేను కుర్చీ అడిగి తెప్పించుకున్నాను. రాగి జావ ఇచ్చారు, కొండచలికి అది హాయిగా ఉంది. చదివినవారికి అక్కడ చప్పట్లు కొట్టరు. అయిపోగానే కూర్చున్నవాళ్ళంతా ఆమె పేరును ఒక్కసారి పైకి పలుకుతారు. అంతే. కోస్తా నుంచి వచ్చిన ఒక దళిత రచయిత్రి, "మమ్మల్ని గురించి మీరు రాసింది చాలు. తప్పులు దిద్దే పని మాది" అని మొదలుపెట్టింది. వీళ్ళ మాటల్లో బతిమాలడం లేదు. నాకు నచ్చింది.

సుక్రి మొదట ఆ కొండ ఊళ్ళలో మాట్లాడే దేశియా భాషలో చదివింది. కొట్టు బేరాల్లో నేర్చిన దేశియాతో సత్యవతికి సగం అర్థమైంది, ఆ సగానికీ నవ్వుతూ కూర్చుంది. సుక్రి కాగితం దించింది.

"మా అమ్మగారు వచ్చేరు. ఆవిడకి పూర్తిగా తెలవాలి. తెలుగులో సెప్తాను."

కాగితం చూడకుండానే మొదలుపెట్టింది. "రంగురంగుల సీరలమ్మే కొట్లో నా రంగు ఎనక గదిలో ఉండాలి. ముందుకొస్తే బేరం పోతాదంట. నాకు ముందు ఇద్దరు లక్ష్ములు, నా తరవాత ఇంకో లక్ష్మి వస్తాది. పేరు మంచిదే. మడతెట్టిన సీరలాగ ఎవులికైనా కడతారు దాన్ని. మాయమ్మ నాకెట్టింది సుక్రి."

హాలంతా ఒక్కసారిగా "సుక్రి" అంది. నేనూ అన్నాను. పక్కన సత్యవతి పెదవులు కదలలేదు.

తిరుగు రైల్లో దమన్‌జోడి స్టేషన్ దాటాక సత్యవతి, "ఇన్నేళ్ళు నోరారా పిలిసేను. ఒక్కపాలైనా నీ పేరు సెప్పలేదేటే?" అంది.

"మొదటి రోజే సెప్పేనమ్మగారూ. మీరు నవ్వేరు."

సొరంగం వచ్చింది. వెలుతురు పడేసరికి సత్యవతి కిటికీ వైపు తిరిగి ఉంది. "నీకు ముందున్న పిల్ల పేరేటి?"

"సోమారి."

"దానికి ముందు?"

"నాకు తెలీదు. కనుక్కుంతాను."

పని ఉంటుందో లేదో సత్యవతి చెప్పలేదు, సుక్రి అడగలేదు.

మర్నాడు స్టేషన్‌కి బయలుదేరుతూ కొట్టులో ఆగాను. సుక్రి వచ్చింది. కానీ వెనక గదిలో కాదు, ముందు బేరాలు జరిగే పరుపు మీద కూర్చుని మడతలు వేస్తోంది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పినట్టు లేదు. గల్లా దగ్గర నుంచి సత్యవతి, "అమ్మీ, ఇలా రా" అంది. సుక్రి తలెత్తలేదు. "నిన్నేనే అమ్మీ." చీర అంచులు కలుస్తూనే ఉన్నాయి. బేరానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఇటు చూశారు. సత్యవతి గొంతు తగ్గించి, "సుక్రీ" అంది.

"వస్తన్నానమ్మగారూ" అని లేచింది.

మధ్యాహ్నం బండిలో కిటికీ పక్కే కాదు, ఎక్కడా చోటు దొరకలేదు. బొబ్బిలి దాకా నిలబడే వచ్చాను. సభల్లో గొప్ప మాటలు చాలా విన్నాను. వాటిని మర్నాడు కొట్టు తెరిచే వేళకి కూడా నిలబెట్టుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు. అక్కడ ఎవరో చోటిచ్చి ఏ ఇంటివారని అడిగారు. ఈసారి ఇంటిపేరు కాదు, నా పేరు చెప్పాను.