పుస్తకంలో ఉన్నట్లే పోసిన బిందె

ఆ రోజుల్లో నిజామాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి మెడ కాస్త నిక్కే ఉండేది. నాదైతే మరీను. చెరకు గానుగలు తయారుచేసే చిన్న కార్ఖానాలో, యంత్రంతోపాటు రైతుకిచ్చే 'వాడే విధానం' రాయడం నా ఉద్యోగం. (దాన్ని నేను రచన అనుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరూ అనుకోలేదు.) మొదట్లో గానుగ పక్కనే కూర్చుని చేత్తో రాసేవాణ్ణి. అచ్చుకు పంపేముందు అది నేను పైకి చదవాలి, మా పెద్దమేస్త్రీ ఉస్తాద్ విన్నది విన్నట్లు చేయాలి. గానుగ తిరిగితే కాగితం పాసైనట్లు. ఒకసారి బెల్టు ఎక్కించమని రాయడం మరిచాను. ఉస్తాద్ చేతులు కట్టుకుని, "ఇంజన్ ఉరుకుతుంది, గానుగ పండుకుంది. ఇప్పుడేం జెయ్యాలె, సదువు" అన్నాడు.

అంతలో కంప్యూటర్ వచ్చింది, దానితో నాకు తిక్కా వచ్చింది. ఒక్క కాగితంలో సరిపోయేదాన్ని ఇరవై పేజీల పుస్తకం చేశాను. తీరుతీరు అక్షరాలు, పేజీ చుట్టూ పూలతీగ. అన్నిటికన్నా నచ్చింది, ఒకచోటి పేరాలు ఇంకోచోట అతికించే సదుపాయం. కార్ఖానా యజమాని సేఠ్ కొత్తగా, పసుపు కొమ్ములను గిరగిరా తిప్పి మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్ములు మొదలుపెడితే, నేను వాటి ముఖమైనా చూడకుండా గానుగ పుస్తకం తెరిచి, 'గానుగ' ఉన్నచోటల్లా 'డ్రమ్ము' అని మార్చి, భోజనాల వేళకు ముగించాను. "సదివి సూపెట్టవా భాయ్?" అని ఉస్తాద్ అడిగితే, "తెర మీద చూశాను, అద్దంలా ఉంది" అన్నాను.

మొదటి డ్రమ్ము కమ్మర్‌పల్లిలో ఒక అవ్వ కొన్నది. ఉడకబెట్టి ఎండబెట్టిన ఏడాది పంటంతా వాకిట్లో రాశిగా ఉంది. ఇక్కడ బాగా నడిస్తే ఊళ్లో ఇంకో నలుగురు కొంటారని ఉస్తాద్‌నూ నన్నూ వెంటబెట్టుకుని సేఠ్ తెల్లటి కొత్త బట్టల్లో దిగాడు. సగం రాశి డ్రమ్ములో నింపారు. నేను పుస్తకం విప్పి, "ఇంజన్ వేసేముందు లోపల ఒక బిందె నీళ్లు పోయండి" అని రాగయుక్తంగా చదివాను. గానుగ రోలర్లు కడగడానికి ఎప్పుడో రాసిన వాక్యమది.

"ఎండిన పసుపుల నీళ్లా?" అన్నాడు ఉస్తాద్.

"అచ్చులో ఉంది ఉస్తాద్."

"అయితే నేను పొయ్య. నువ్వే పొయ్యి."

పోశాను, నిండు బిందె. ఇంజన్ వేశారు. డ్రమ్ముకు ఒళ్లంతా చిల్లులుంటాయని నాకప్పుడే తెలిసింది. వాకిలంతా పచ్చని వాన. సేఠ్ నలుగు పెట్టిన పెళ్లికొడుకయ్యాడు. అవ్వ ముఖం తుడుచుకుని, "పెండ్లెవలదో చెప్పు బిడ్డా, అక్షింతలన్న ఏస్త" అంది. అందరూ నవ్వారు. ఆమె డ్రమ్ములోకి తొంగిచూసి నవ్వాపేసింది. "బూజు పడ్తే మార్కెట్ల ఎవ్వడు ముట్టడు గదరా" అంది మెల్లగా. సేఠ్ ఒక్కటే మాటన్నాడు: "గా పసుపు ఎండితేనే నీకు నౌకరి."

మూడు రోజులు ఆ వాకిట్లోనే ఎండలో కొమ్ములు తిరగేశాను. అవ్వ తిడుతూనే జొన్నరొట్టె పెట్టింది. సాయంత్రాలు డ్రమ్ము పక్కన కూర్చుని, ఉస్తాద్ ఏది ముట్టుకుంటే అది ఒక కాగితం మీద రాసుకున్నాను. నాలుగోరోజు అవ్వ ఒక కొమ్ము విరిచింది. టక్కుమంది, ఎండినట్లే. "బతికినవ్ పో" అంది. ఆ కొత్త కాగితం నేను చదివాను, ఉస్తాద్ చేశాడు, పసుపు బంగారంలా మెరిసింది.

ఆ తర్వాత ఎన్ని కంప్యూటర్లు మారాయో, ఎన్ని పుస్తకాలు రాశానో. ఇప్పుడు నా వాక్యాన్ని నేనే పదిసార్లు అనుమానిస్తాను. నాలోని అప్పటి కుర్రాడు మాత్రం ఉస్తాద్ వద్దంటున్నా తన పుస్తకాన్ని నమ్మి బిందె ఎత్తాడు. పిచ్చోడు. అప్పుడప్పుడు వాడి మీద బెంగగా ఉంటుంది.