మాంచెస్టర్‌లో ప్రభ

కోటప్పకొండ తిరునాళ్ళకు మా అత్తగారి ఊరు ఏటా ప్రభ కడుతుంది. ఆకాశానికి లేచే చట్రం, దానికి ఒళ్ళంతా కరెంటు దీపాలు. అదంటే ఆవిడకు ప్రాణం. నేను కాపురానికొచ్చిన మొదటి శివరాత్రినాడే నన్ను దాని ముందు నిలబెట్టి, "మా ప్రభ చూసినావా? మీ కారంపూడోళ్ళకి ఇట్టాంటియి ఏడున్నయ్యి?" అంది. కొడుకుతో, కూతురితో అయితే "మన ప్రభ" అంటుంది. నా దగ్గరకొచ్చేసరికి "మా ప్రభ". ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. నేనేమీ తక్కువ తినలేదు. "మీ ప్రభ మీరే చూసుకోండి" అని మూతి తిప్పుకునేదాన్ని.

అలాంటి మేమిద్దరం మొన్న డిసెంబరులో కలిసి ఇంగ్లండు వెళ్ళాం. మా ఆడపడుచు మాంచెస్టర్‌లో ఉంటుంది. క్రిస్మస్ ముందు అక్కడి సందడి చూసి తీరాలని పట్టుబట్టి రప్పించింది. మా ఆయనకూ పిల్లలకూ సెలవు దొరకలేదు. బయల్దేరేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "అమ్మ షుగర్ మనిషి, నీదే భారం" అన్నాడు.

ముందు యార్కు చూశాం. ఇరుకు సందులు, కొట్ల గుమ్మాలకు పచ్చటి ఆకుల దండలు. సాయంత్రం ఒక నాటకానికి వెళ్ళాం. క్రిస్మస్ రోజుల్లో ఇంటిల్లిపాదీ పిల్లల్ని తీసుకుని వెళ్ళే నాటకమట. ఒక మగాయన గౌను వేసుకుని, బుగ్గలకు ఎర్రరంగు పూసుకుని తల్లి వేషం కట్టాడు. దొంగ వెనక నుంచి వస్తుంటే హాలంతా "నీ వెనకే!" అని అరవాలి, అది వాళ్ళ ఆనవాయితీ. ఇంగ్లీషు ముక్క రాని మా అత్తగారు అందరికన్నా ముందు లేచింది. "ఒరేయ్, ఎనకమాల! ఎనకమాల సూడరా సచ్చినోడా!" ముందు వరసలో వాళ్ళు తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. నేను శాలువాలో మొహం దాచుకుని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

ఆ తర్వాతి శనివారం మాంచెస్టర్ సంత. వరసగా చెక్క కొట్లు, కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, లవంగాలూ దాల్చినచెక్కా వేసి మరగబెట్టిన ద్రాక్షసారా. ఆ వాసనకు అత్తగారు ఆగిపోయింది. "కషాయమా? నాకూ ఒకటి ఇప్పించండే" అంది. సారా అని చెబితే కప్పు వంక ఇంకోసారి చూసి, "జలుబుకి మంచిదేలే" అంది. కూతురు ఒప్పుకోక చెస్ట్‌నట్ల పొట్లం కొనిచ్చింది. ఒకటి నమిలి, "తేగలే నయం" అని తీర్పు చెప్పింది.

ఒక మూల బ్యాండువాళ్ళు క్రిస్మస్ పాటలు వాయిస్తుంటే నిలబడ్డాం. పాట అయిపోయింది, జనం ఒక్కసారిగా కదిలారు. తిరిగి చూస్తే అత్తగారు లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చలికి వేళ్ళు వంగడం లేదని ఆవిడ తన ఫోను నా సంచీలోనే పడేసింది. మా ఆడపడుచు ఏడుస్తూ సెక్యూరిటీ వాళ్ళ దగ్గరకు పరుగెత్తింది. నేను వచ్చిన దారంతా "అత్తయ్యా!" అని అరుచుకుంటూ తిరిగాను. చీకటి పడింది. వేళకు తిండి పడకపోతే ఆవిడకు కళ్ళు తిరుగుతాయి. ఎక్కడన్నా పడిపోతే అడిగే దిక్కెవరు? మా ఆయనకు నేనేమని చెప్పను?

ఓపిక అయిపోయి ఒక కొట్టుకు ఆనుకుని నిలబడ్డాను. అంత తిరునాళ్ళ జనంలో ఏనాడూ తప్పిపోని మనిషి, ఇక్కడ ఎలా తప్పిపోయింది తల్లీ అనుకున్నాను. అప్పుడు తట్టింది. కొండకు బయల్దేరే ముందు ఏటా నా పిల్లలకు ఆవిడ చెప్పే మాట ఒకటుంది. "తప్పిపోతే ఏడవమాకండి, ఎతకమాకండి. ప్రభ కాడికొచ్చి కూకోండి."

తలెత్తి చూశాను. కొట్ల కప్పుల మీదుగా, కూడలి చివర పెద్ద క్రిస్మస్ చెట్టు కనిపించింది. కింది నుంచి కొసదాకా దీపాలే.

జనాన్ని తోసుకుంటూ, "సారీ, సారీ" అనుకుంటూ పరుగెత్తాను. చెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో చెస్ట్‌నట్ల పొట్లం. పక్కనున్న ఇంగ్లీషు ముసలావిడకు తెలుగులో ఏదో చెబుతోంది. ఆవిడ తల ఊపుతోంది.

హమ్మయ్య! ఆ పక్కనే చతికిలబడ్డాను.

"ఏందే, ఇంతసేపా?" అంది.

"పక్కనుంచి కదలొద్దని చెప్పానా లేదా?" అని కేకలేశాను. కేకలేస్తూనే ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను.

నేను ఫోను చేస్తే మా ఆడపడుచు రొప్పుతూ వచ్చి తల్లిని వాటేసుకుంది. "ఇక్కడ కూర్చుంటే ఎట్టా దొరుకుతావనుకున్నావమ్మా?"

"భయం చానా ఏసింది" అంది అత్తగారు. "నీకు తట్టదని తెలుసు. మీ వదినకి తట్టుద్దిలే అని కూకున్నా."

నా భుజం ఊతం చేసుకుని లేచింది. దీపాల చెట్టును కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"బాగానే ఉందిగానీ, మన ప్రభంత ఎత్తు లేదు. ఏమంటావే?"

"మన ప్రభే ఎత్తు అత్తయ్యా" అన్నాను.