ఎడమచేతి వాటం నీళ్ళ సీసా

చాలా ఏళ్ళుగా ఒక నీళ్ళ సీసా నా మెడకు వేలాడుతోంది. ఖాళీదే. అయినా గోదావరి మొత్తం అందులో పోసి బిరడా బిగించినంత బరువు. చూశారా, ఇక్కడ కూడా పెంచేస్తున్నాను. నా జబ్బే అది. పేరు చెప్పను, ఊరు రాజోలు దగ్గరని మాత్రం చెబుతాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

ప్రపంచ యుద్ధాల్లో సైనికులు వాడిన సామాను పోగుచేయడం నా పిచ్చి. నలుగురిలో దాన్ని మ్యూజియం అంటాను. నిజానికది బీరువాలో కింది రెండు అరలు. పై అరలు మా ఆవిడ చీరలవి. ఒక ఇనప టోపీ, అన్నం తినే రేకు డబ్బా, కాళ్ళకు చుట్టుకునే ఖాకీ పట్టీలు, కంబళి గుడ్డ తొడుగున్న ఒక ఎనామిల్ నీళ్ళ సీసా. టోపీ మీది సొట్ట జర్మనీ తూటాదని కోనసీమంతా చాటాను. మా పెరట్లో దాని మీద కొబ్బరికాయ పడింది, అంతే. దానివల్ల ఎవరికేం నష్టం? విన్నవాళ్ళు సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఒక జనవరిలో మా ఊరి హైస్కూల్లో ఇవన్నీ బల్ల మీద పరిచి చూపించమన్నారు. చూపించడమంటే నాకు చెప్పడమే. సీసా దగ్గరికొచ్చేసరికి జనం కాస్త పలచబడ్డారు. వెంటనే గొంతు పెంచాను. ఇది బర్మా యుద్ధంలో మన కోనసీమ జవాను మోసిన సీసా, పట్టీ అరిగిన తీరు చూడండి, ఎడమచేతి వాటం మనిషి, అన్నాను. ఎడమచేయి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. అబద్ధానికి ఒక చెయ్యో కాలో ఉంటే నిలబడుతుందని నా అనుభవం.

జనంలోంచి సువార్తమ్మ టీచరుగారు ముందుకొచ్చారు. రెండో తరగతిలో నాకు చదువు చెప్పినావిడ. ఆవిడ తండ్రి ఆశీర్వాదంగారు సిపాయిగా బర్మా యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంకా తల్లి కడుపులోనే ఉన్నారు. ఆయన తిరిగి రాలేదు. ఎక్కడ పోయారో, అసలు పోయారో లేదో ఎవరూ చెప్పలేదు. రంగూన్‌లో ఇంకో కాపురం పెట్టేశాడని ఊళ్ళో వాళ్ళు అంటుంటే, తల్లి ఆ మాటలు వింటూనే పిల్లను పెంచి, టీచర్ని చేసి, కన్నుమూసింది. ఇదంతా ఊళ్ళో అందరికీ తెలుసు. సీసా చేతిలోకి తీసుకునేటప్పుడు నాకు మాత్రం గుర్తు రాలేదు.

ఆవిడ సీసా తిప్పి చూసి, చాలా నెమ్మదిగా అన్నారు.

"నీకు కోతలెక్కువని నాకు తెల్సు బాబూ. చిన్నప్పుడే తెల్సు. మా నాన్నది ఎడంచెయ్యని అమ్మ చెప్పేది. ఇదొక్కటీ నిజం చెప్పు. నీకెలా తెలిసింది?"

"ఇచ్చినాయన చెప్పేరండి టీచరుగారు. రాజోలు వైపు మనిషిదేనన్నారండి."

"ఆశీర్వాదమన్నారా?"

"ఆయ్."

రెండక్షరాలు కూడా లేని మాట. అవునని ఎందుకన్నాను? పక్కన హెడ్మాస్టరుగారున్నారు, పిల్లలున్నారు. కోత అని ఒప్పుకుంటే నా బల్ల మీద సామానంతా పాత ఇనుమైపోతుంది. ఆవిడ మొహం చూసి జాలిపడి అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా కోతే.

టీచరుగారు సీసాలో నీళ్ళు పట్టించుకుని, అక్కడే నిలబడి ఒక గుక్క తాగారు. నేను సీసా ఊరికే ఇచ్చేశాను. ఎంత పెద్ద మనసో అన్నారు అందరూ. ఆ పొగడ్త కూడా తీసుకున్నాను.

టీచరుగారి ఇంటివాళ్ళు దాన్ని ఆవిడ తల్లి సమాధి పక్కన పూడ్చి, ఆశీర్వాదంగారి పేరుతో రాయి వేయించారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. పన్నెండు చెప్పాను. ఆఖరి గుక్క పక్కవాడి నోట్లో పోసి ప్రాణం వదిలారని చెప్పాను. రంగూన్ కాపురం మాటలన్న ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. ఏటా సమాధుల పండగకి టీచరుగారు నన్ను పిలిపించేవారు. ఆ రాయికి సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, నా చేత కూడా ఒక కొవ్వొత్తి వెలిగింపించేవారు. వెలిగించేవాణ్ణి.

ఇంతవరకే అయితే బహుశా మీకు రాసేవాణ్ణి కాదు. అసలు తప్పు ఆ తరవాతది.

ఆవిడ అల్లుడుగారు లెక్కల మాస్టారు. ఒకరోజు మా ఇంటికొచ్చారు. యుద్ధంలో పోయినవాళ్ళ వివరాలు, ఎక్కడ పూడ్చారో, విదేశాల్లో ఇంకా భద్రంగా దాచి ఉంచుతారట, రాస్తే చెబుతారట, ఎలా రాయాలో మీకే తెలుస్తుంది అన్నారు. అత్తగారు బతికుండగా ఒకసారి ఆ చోటు చూపించాలని ఆయన కోరిక. నాకు నిజంగానే తెలుసు. ఎవరికి రాయాలో, ఏమేం అడగాలో అన్నీ తెలుసు. నా కోతల మధ్య ఉన్న ఒకే ఒక్క అసలు సరుకు అది.

కానీ జవాబులో ఇంకో చోటు, ఇంకో చావు ఉంటే? ఆఖరి గుక్క ఏమవుతుంది? నేనేమవుతాను?

ఇక్కడ సమాధి ఉండగా మళ్ళీ వెతకడమెందుకండీ మాస్టారూ, అన్నాను. కాగితంలో పారిపోయాడని వస్తే ఆవిడ తట్టుకోగలరా అని కూడా అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. కాఫీ తాగి, నాకు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న వర్షాల్లో టీచరుగారు పోయారు. నాన్న పక్కనే పెట్టమన్నారట. సీసా పక్కన పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. లేచాను, దండం పెట్టి కూర్చున్నాను. దుఃఖమనుకున్నారు.

మాస్టారికి చెప్పాలా? చెబితే ఎవరికి తేలిక, ఆయనకా నాకా? ఇంకా తేల్చుకోలేదు. మీకు మాత్రం, ఏ హంగూ చేర్చకుండా చెబుతున్నాను. ఆ సీసా కాకినాడలో పాత ఇనుము కొట్లో కొన్నాను. ఎవరిదో కొట్టువాణ్ణి అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆశీర్వాదంగారు ఎక్కడున్నారో నాకు తెలియదు. తెలుసుకోగలిగిన రోజు, వెతకనివ్వలేదు.