మాస్టారి పాఠంలో గొడుగు

అప్పయ్యమ్మ ఇంటి వీధరుగు మీద మన్మథరావు మాస్టారు ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పారు. తొంభై ఆరులో మొదలెట్టినప్పుడు నర్సీపట్నంలోని కుర్రకారంతా ఆ అరుగు మీదే ఉందా అన్నట్టుండేది. వాళ్ళ చెప్పులు కాలితో తోసుకుంటూ ఇంట్లోకెళ్ళాల్సొచ్చేది ఆవిడ.

మాస్టారు పుస్తకం పట్టుకుని వల్లెవేయించే బాపతు కాదు. తికమక పెట్టే మాటలు ఏవైనా సరే, చేసి చూపించాల్సిందే. అందుకు రోజూ అప్పయ్యమ్మ గొడుగు కావాలి. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేవారు.

"గొడుగు ఇచ్చేవాడు లెండ్ చేస్తాడు. పుచ్చుకునేవాడు బారో చేస్తాడు. ఇచ్చేవాడివి బారో అన్నావో, వానలో తడిసేది నువ్వే!"

అందరూ పకపకా నవ్వేవారు. "నా దగ్గరికి తెస్తే బ్రింగ్. ఇక్కణ్ణుంచి అటు పట్టుకుపోతే టేక్." గొడుగు అరుగంతా తిరిగేది.

"వానొస్తే నానేటి అరిటాకేసుకోవాలా మాస్టారూ?" అని లోపల్నుంచి కేకేసేది అప్పయ్యమ్మ. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. చారుకి పోపేస్తూ జవాబులన్నీ వాళ్ళకంటే ముందే గొణుక్కునేది. పైకి అనడానికి మాత్రం నోరొచ్చేది కాదు. ఎవరైనా వింటే పరువేం కావాలి?

బస్టాండు దగ్గర కంప్యూటర్లు పెట్టిన కొత్త ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అరుగు మీద పాతికమంది పదిమందయ్యారు, పదిమంది ముగ్గురయ్యారు. "ఒక్కరొచ్చినా చాలు, గోడమీది ట్యూషన్ బోర్డు తీయను," అనేవారు మాస్టారు. చివరికి మిగిలిన ఆ ఒక్కరూ సత్యశ్రీ అనే పిల్ల. వాళ్ళ నాన్నకి నక్కపల్లి బదిలీ అయ్యేసరికి ఆ పిల్లా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సుద్దముక్క పట్టుకుని గుమ్మంలోకొచ్చారాయన.

"అప్పయ్యమ్మ గారూ, ఇవాళ ఎవరూ లేరండి. ఈ పాఠం ఒక్కడి వల్ల కాదు. ఓ పది నిమిషాలు మీరు ఎదురుగా నిలబడతారా?"

ఆవిడ అప్పటికే చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు మరి. సరిగ్గా అప్పుడే కుళాయి దగ్గరున్న ఎదురింటి సింహాద్రమ్మ తల తిప్పి చూసింది.

"సాల్లెండి మాస్టారూ! ఈ వయసులో నాకేటి ఇంగ్లీసు? దొరసాన్లా ఊరేగాలా?"

"నిజమేలెండి," అన్నారాయన. నవ్వలేదు.

తెల్లారేసరికి గోడమీద బోర్డు లేదు. మాస్టారు పెట్టె పట్టుకుని కోటవురట్లలో తమ్ముడింటికి వెళ్ళిపోయారని సింహాద్రమ్మే చెప్పింది. గొడుగు మాత్రం శుభ్రంగా మడిచి మేకుకి తగిలించి ఉంది.

సాయంత్రం పాఠం వేళకి అప్పయ్యమ్మ ఆ గొడుగు తీసుకుని, రోజూ పిల్లలు నిలబడే చోట నిలబడింది. చెయ్యి ముందుకు చాపి "లెండ్" అంది, వీధిలోకి వినబడేలాగే. సింహాద్రమ్మ చూస్తే చూడనీ.

అందుకునే చెయ్యి లేదు. అయినా నొప్పెట్టేదాకా అలా చాపే ఉంచింది.