ఇంట్లో ఉద్యోగానికి రోజూ బస్సెక్కిన అక్క

2005. సత్తెనపల్లి బస్టాండుకు దగ్గర్లో, పురుగుమందుల కొట్టు పైన, మేడ మీద నా నెట్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు. మూడు పనిచేసేవి, నాలుగోది గౌరవం కోసం. నాకు ఇరవై మూడేళ్లు. హైదరాబాద్‌లో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి సత్తెనపల్లిలో ఓనరునయ్యాను. కింది నుంచి మందుల వాసన మెట్లెక్కి పైకి వచ్చేది. మా సెంటర్లో దోమలు లేకపోవడానికి కారణం పరిశుభ్రత అని కస్టమర్లకు చెప్పేవాడిని.

నెట్ సెంటర్ నడపడమంటే పరీక్షల ఫలితాలు చూసిపెట్టడం, దరఖాస్తులు నింపడం, జనానికి మెయిల్ ఐడీలు తెరిచి వాటి పాస్‌వర్డ్‌లు వాళ్ల తరఫున నేను గుర్తుపెట్టుకోవడం. దానికి తోడు గోడ మీద పేపర్లోని ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి అతికించేవాడిని. ప్రకటన ఉంటే మనిషి నిలబడి చదువుతాడు. నిలబడ్డవాడు కాసేపటికి కూర్చుంటాడు. కూర్చుంటే గంటకింతని నాకొస్తుంది. అలా ఒకరోజు 'ఇంట్లో కూర్చునే సంపాదించండి, డేటా ఎంట్రీ ఉద్యోగం, ఇంగ్లీషు టైపు వస్తే చాలు' అన్న ప్రకటన అతికించాను. బాగుందని కాదు, గోడ మీద అంత మేర ఖాళీ ఉందని.

దాని ముందు నిలబడి, చివరి దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివిన మనిషి రత్నకుమారి అక్క. నలభైకి దగ్గర్లో ఉంటుంది. పద్నాలుగు కిలోమీటర్ల అవతలి పల్లెలో మిరప, పత్తి వేసే ఇంటి కోడలు. కొడుకు ఇంటర్ ఫలితం చూడ్డానికి వచ్చింది. కొడుకు పాసయ్యాడని చెప్తే "ఊఁ" అని, గోడ వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఇది నిజమేనా?"

"పేపర్లో పడిందక్కా. పేపర్లో రాశిఫలాలు కూడా పడతాయి."

ఆమె నవ్వలేదు. "నేను హయ్యర్ పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో" అంది. టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయర్, హయ్యర్ అని రెండు పరీక్షలుండేవి. హయ్యర్ అంటే మిషన్ వైపు చూడకుండా కొట్టేవాళ్లు. పెళ్లికి ముందు గుంటూరులో ఒక పత్తి మిల్లు ఆఫీసులో రెండేళ్లు టైపిస్టుగా చేసిందట. ఆ ఆఫీసు గురించి అడక్కుండానే చెప్పింది. కిటికీ పక్క కుర్చీ, పదకొండింటికి టీ తెచ్చే ముసలాయన, మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లు క్యారేజీలు విప్పి ఒకరి కూర ఒకరు మార్చుకోవడం. చెబుతున్నంతసేపూ టేబుల్ అంచు మీద ఆమె వేళ్లు ఏదో ఉత్తరం కొట్టేస్తూనే ఉన్నాయి.

కంపెనీకి మెయిల్ పెట్టాం. వెంటనే జవాబొచ్చింది. నేను ఉద్యోగం కోసం రాసిన ఏ మెయిలుకీ అంత తొందరగా జవాబు రాలేదు. ముందు కొంత సొమ్ము 'సెక్యూరిటీ డిపాజిట్' కట్టాలి. అప్పుడు స్కాన్ చేసిన పేజీలున్న సీడీ పంపుతారు. వాటిని పది రోజుల్లో వర్డ్‌లో కొట్టి పంపితే డబ్బిస్తారు. తప్పులు మాత్రం ఉండకూడదు.

ఆ మెయిల్ ఐడీ ఎవరైనా ఊరికే తెరుచుకునే రకం. ఆఫీసు చిరునామా లేదు, ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది. అది నా కంటికి ఆనింది. ఆనినా నేనేం చేశాను? "అక్కా, కంపెనీ మెయిలు ఫ్రీదే. బహుశా బోర్డు కూడా చేత్తో రాసుకున్నదేమో" అని జోకేశాను. ఆమె నవ్వి, డిపాజిట్ కట్టింది. 'కట్టొద్దక్కా' అని ఒక్క ముక్క అనుండొచ్చు. కానీ అందులో చమత్కారం లేదు కదా.

ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్నా పల్లెలో కరెంటు మోటార్లకే దిక్కులేదు. దాంతో ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కోసం ఆమె రోజూ ఇల్లు వదిలి, బస్సెక్కి, నా సెంటర్‌కి రావడం మొదలుపెట్టింది. పదింటికల్లా మూడో నంబరు కంప్యూటర్ ముందు ఉండేది. ఇస్త్రీ చీర, చేతికి వాచీ, క్యారేజీ. పది నిమిషాలు ఆలస్యమైతే "సారీ తమ్ముడూ, బస్సు" అనేది. నేను ఆమె మేనేజర్ని కాదని గుర్తుచేస్తే "తెలుసులే" అని, మర్నాడు మళ్లీ సారీ చెప్పేది. ఒంటిగంటకు లేచి, "లంచ్‌కి వెళ్తున్నా" అని నలుగురికీ వినపడేలా చెప్పి, వెళ్లి మెట్ల మీద కూర్చుని తినేది. రెండో రోజు నాకు దోసకాయ పప్పు పెట్టి, నా కూరేమిటని అడిగింది. నా దగ్గర హోటలు పొట్లం ఉంది. సాంబారు ఇచ్చాను. అది సమానమైన మార్పిడి కాదు. అయినా ఆమె మొహం చూస్తే లాభం తనకే వచ్చినట్టుంది.

పది రోజులకు పని పంపాం. వారానికి మెయిలొచ్చింది. 'క్యూసీ'లో పోయిందట. క్యూసీ అంటే పని నాణ్యత చూసే పరీక్ష. తప్పులు ఎక్కువున్నాయి, మళ్లీ కొంత ఫీజు కడితే ఇంకో అవకాశం ఇస్తాం అన్నారు.

ఆ రోజు ఆమె భర్త సాంబశివరావు గారు కూడా వచ్చారు. ఎత్తైన మనిషి, గట్టి గొంతు. మా మేడ మీద మాట్లాడితే కింద కొట్టులో మందు కొనేవాళ్లు తలెత్తి చూసేవారు. మెయిలు చదివి వినిపిస్తే ఆయనకేం కోపం రాలేదు సరికదా, తృప్తిపడ్డారు.

"తాలు తీశారన్నమాట. ఆఁ, తీస్తారు మరి. తియ్యకుండా కొనేవాడెవడు?"

తాలు అంటే మిరపకాయల్లో రంగుపోయి తెల్లబడ్డ కాయ. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు, ఒక కాయ విరుస్తాడు, తాలుందని రేటు కోస్తాడు. ఆయన జీవితంలో కోత లేకుండా ఏ సరుకూ అమ్ముడుపోలేదు. అందుకని కోసేవాడే అసలైన కొనుగోలుదారు అని ఆయన లెక్క. "ఏమీ అనకుండా తీసుకునుంటే అప్పుడనుమానించేవాణ్ణి అబ్బాయ్" అని, ఫీజు కట్టి వెళ్లారు. మోసగాళ్లు మా ప్రాంతాన్ని అధ్యయనం చేసి వచ్చినా ఇంత చక్కగా కుదిరేది కాదు.

మరో సీడీ. మరో పది రోజులు. ఈసారి ఆమె నాతో మాట్లాడ్డం తగ్గించింది. ప్రతి పేజీ కొట్టి, రెండుసార్లు సరిచూసి, అప్పుడు తర్వాతి పేజీకి వెళ్లేది. మళ్లీ మెయిలొచ్చింది. మళ్లీ పోయింది. ఈసారి 'ఒప్పందం ఉల్లంఘించారు, పెనాల్టీ కట్టకపోతే లాయర్ నోటీసు' అని కూడా ఉంది.

ఆమె భయపడుతుందనుకున్నాను. నోటీసు సంగతి ఆమె అసలు పట్టించుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. మిరపకోతలకీ పత్తితీతకీ పదిహేడేళ్లు వాడిన వేళ్లు.

"పోయాయి తమ్ముడూ. వాటికిప్పుడు టైపు రాదు. నాకే తెలియలేదు."

నా నోట్లోకి ఒక జోకు వచ్చింది. ఆ జోకేమిటో ఇప్పటికీ గుర్తుంది, ఇక్కడ రాయను. మింగేశాను. వృత్తిలో నేను మొదటిసారి నోరు మూసుకున్న సందర్భం అది.

మర్నాడు సాంబశివరావు గారు ఒక్కరే వచ్చారు. "ఆవిడ రాత్రి అన్నం తినలేదయ్యా. ఇంతకీ తాలు ఎక్కడుందంట? ఏ పేజీలో?"

"అది మెయిల్లో లేదండీ."

"లేకపోవడమేంటి? ఫోన్ కలుపు."

కలిపాను. అటువైపు తియ్యటి గొంతు. "చెప్పండి సార్."

"మా ఇంటావిడ సరుకులో తాలుందన్నారంట. చూపించండి."

"సార్, అదీ... మా సాఫ్ట్‌వేర్ చెక్ చేస్తుంది సార్."

"అదెవరో నాకు తెలీదు. నేను పాతికేళ్లుగా యార్డుకి కాయ తోలుతున్నా. ఎంత దొంగ వ్యాపారైనా కాయ తీసి నా అరచేతిలో పెట్టి, ఇదిగో తాలు అని చూపించాకే రేటు కోశాడు. మీరొక్క తప్పు చూపించండి. ఒక్కటి. పెనాల్టీ ఇప్పుడే కడతా."

"అలా చూపించే పాలసీ లేదు సార్."

"మరి కోసే పాలసీ ఉందా?"

అటువైపు ఫోన్ పెట్టేశారు. మళ్లీ కలిపితే ఎత్తలేదు. ఆ సాయంత్రానికి ఆ నంబరే పనిచేయలేదు. పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చాం. కట్టిన సొమ్ము తిరిగి రాలేదు, లాయర్ నోటీసూ రాలేదు. అంటే వాళ్లు మాటిచ్చినవి ఏవీ రాలేదు.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "వాడు చూపించకపోతే బస్తా మనమే విప్పుదాం" అన్నారు. మర్నాడు బతిమాలి ఆమెను తీసుకొచ్చారు. నేను పేజీలు ప్రింటు తీసి, స్కాన్ పక్కన పెట్టి, అక్షరం అక్షరం చూశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా నా భుజం మీద నుంచి వంగి కాపలా కాశారు. ఆమె మాకు వీపు పెట్టి కిటికీ వైపు కూర్చుంది. నలభై పేజీలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఒక చోట కామా పోయింది. ఒక చోట ఒక మాట రెండుసార్లు పడింది. అంతే.

"రెండు అక్కా."

"పేజీకా?"

"మొత్తానికి."

ఆమె ఇటు తిరగలేదు. "ఏవీ, చూపించు" అంటూ చెయ్యి వెనక్కి చాచింది. కాగితం అందిస్తే ఆ రెండు తప్పుల్నీ వేలితో తడిమి చూసింది. తన తప్పులు చూసుకుని అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత నెలకు గుంటూరులో గైడ్లు అచ్చువేసే ఒక ప్రెస్సాయన ఇంగ్లీషు నోట్సు కొట్టేవాళ్లు కావాలన్నాడు. ఈసారి జోకులేయకుండా నేనే వెళ్లి ప్రెస్సు చూశాను. మిషన్ ఆడుతోంది, మనుషులు అరుచుకుంటున్నారు, గోడకి బోర్డుంది. డిపాజిట్ అడగలేదు. అక్కతో రెండు పేజీలు కొట్టించుకుని, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, ఆ రెండింటికీ డబ్బిచ్చి, మిగతా పని ఇచ్చాడు. అక్క మళ్లీ రోజూ మూడో నంబరు కంప్యూటర్ ముందుకొచ్చింది. అప్పటి నుంచి నా గోడ మీద ఏ ప్రకటన అతికించినా ముందు మూడు సంగతులు కనుక్కుంటాను. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? ఆఫీసుకి వెళ్తే మనిషి కనపడతాడా? తప్పుంటే చూపిస్తాడా? మూడోది నాకు కంప్యూటర్ కోర్సులో నేర్పలేదు.

ఆ కేసు నేర్పిన ఇంకో పాఠం ఆర్నెల్లకు గానీ అర్థం కాలేదు. ప్రెస్సాయనకు ఆమె పని బాగా నచ్చింది. పాత కంప్యూటరొకటి ఆమె ఇంటికే పంపిస్తానన్నాడు. రోజూ బస్సెక్కే బాధ తప్పుతుందని, ఈ సంగతి చెబుతూ నేను తెగ సంబరపడ్డాను.

"ఇంటికా?" అంది ఆమె.

"అవునక్కా, మనం మొదట అనుకున్నదే కదా. ఇంట్లో ఉద్యోగం."

ఆమె వాచీ ఒకసారి సర్దుకుంది. "బస్సులో పక్కన కూర్చున్నావిడ ఎక్కడికమ్మా అనడుగుతుంది తమ్ముడూ. ఆఫీసుకి అంటాను. ఇంట్లో కూర్చుంటే నన్నెవరడుగుతారు?"

ప్రకటనలో 'ఇంట్లో' అన్న మాటని ఆమె ఏనాడూ చదవలేదన్నమాట. ఆ కింద ఉన్న 'ఉద్యోగం' ఒక్కటే చదివింది. మనిషి దేనికోసం అలమటిస్తున్నాడో కనుక్కోకుండా ఏ ప్రకటనా చూపించకూడదని అప్పుడు తెలిసింది. మోసగాళ్లు ముందుగా కనుక్కునేది అదే.

ప్రెస్సాయనకు ఫోన్ చేసి, ఆ పల్లెలో కరెంటు చాలా ఘోరంగా ఉంటుందని, మిషన్ వారం తిరక్కుండా కాలిపోతుందని, ఆయన పెట్టుబడి బూడిదేనని చెప్పాను. నిజానికి అప్పటికి వాళ్ల ఊళ్లో కరెంటు బానే ఉంటోంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను తెలిసి చేసిన మోసం అదొక్కటే.